రబ్బరు బూటు చిరిగిన రోజు నుంచే లెక్క

పాత కారు గుంతలో దిగి లేచినప్పుడల్లా ముందు చక్రం దగ్గర ‘కటక్’ మంటుంది. ఓనరు పది రోజులు పాటల సౌండు పెంచి నడుపుతాడు. పదకొండో రోజు షెడ్డులో జాకీ ఎత్తి, మెకానిక్ చక్రానికి పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపి, ‘బాల్ జాయింట్ పోయింది సార్’ అంటాడు. వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: ఎంతవుతుంది? ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అక్కడి నుంచి అడవి అంచున ఉన్న చర్ల, దుమ్ముగూడెం, చింతూరు దాకా ఏ షెడ్డులో విన్నా ఇదే మాట. అడగాల్సింది మాత్రం ఇంకొకటి ఉంది: ఎప్పటి నుంచి? ఈ దారుల మీద బాల్ జాయింట్ ఖర్చును తేల్చేది ముక్క ధర కాదు. దాని చుట్టూ ఉన్న రబ్బరు బూటు చిరిగిన రోజుకూ, బండి షెడ్డుకు చేరిన రోజుకూ మధ్య గడిచిన కాలం. ఆ కాలానికి వడ్డీ పడుతూ ఉంటుంది. ఆ వడ్డీ ఎక్కడెక్కడ ఎలా పేరుకుంటుందో చూస్తే, అసలు కంటే అదే ఎందుకు పెద్దదవుతుందో అర్థమవుతుంది.

బాల్ జాయింట్ అంటే చక్రానికి తుంటి కీలు లాంటిది. ఒక ఉక్కు గుండు, దానికి కాడ, గుండును ఒడిసి పట్టే గిన్నె. గిన్నె లోపల నైలాన్ లాంటి పొర, కాస్త గ్రీజు. గిన్నె లోయర్ ఆర్మ్ చివర ఉంటుంది, కాడ చక్రాన్ని మోసే నకిల్‌లో దిగుతుంది. ముందు చక్రం గుంతను బట్టి పైకీ కిందికీ ఆడాలి, అదే సమయంలో స్టీరింగ్‌ను బట్టి పక్కకూ తిరగాలి. ఆ రెండు కదలికలనూ ఒకే చోట ఇచ్చే గుండు నిమ్మకాయంత కూడా ఉండదు. దాన్ని దుమ్ము నుంచి, నీళ్ల నుంచి కాపాడేది కాడ చుట్టూ ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు బూటు. చిటికెన వేలితో నొక్కితే లోపలికి పోయేంత మెత్తన. బూటు బాగున్నంత కాలం గ్రీజు లోపలే ఉంటుంది, లక్ష కిలోమీటర్లు తిరిగినా జాయింట్ చెక్కుచెదరని బండ్లు ఉంటాయి. బూటుకు గాటు పడిన మర్నాటి నుంచి గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. గ్రీజులో కలిసిన దుమ్ము సాన పట్టే పిండి లాంటిది. గుండు తిరిగినప్పుడల్లా పొరను కొంచెం, గుండును కొంచెం గీకుతుంది. గీకిన మేరకు గిన్నెలో ఖాళీ వస్తుంది. ఆ ఖాళీనే మెకానిక్ ‘ఆట’ అంటాడు. ఓనరుకు వినపడే ‘కటక్’ ఆ ఖాళీలో గుండు కొట్టుకున్న చప్పుడు. అంటే చప్పుడు వినపడే వేళకు పని చాలా దూరం పోయింది. చప్పుడు మొదటి కబురు అనుకుంటాం గానీ, అది ఆఖరి కబురుకు దగ్గర.

ఈ ముక్క మొదటి నుంచీ లేదు. పాత జీపుల్లో చక్రం తిరగడానికి కింగ్ పిన్ను ఉండేది, కింద కమాను పట్టీలు. ఏజెన్సీ దారుల్లో జనాన్ని మోసిన కమాండర్ జీపులు ఆ కోవవే. కుదుపుకు నడుం విరిగేది గానీ, కింగ్ పిన్ను మొరటుది, గ్రీజు గన్ను పెట్టి నాలుగు పంపులు కొడితే మళ్లీ నడిచేది. అమెరికన్ కార్లు 1950లలో కింగ్ పిన్నును వదిలి బాల్ జాయింట్‌కు మారాయి. తేలిక, మెత్తని నడక, పట్టు, అన్నీ లాభాలే. మన దగ్గర మారుతీ 800, సుమో, క్వాలిస్, బొలెరో వరసగా వచ్చి ఈ దారుల మీద జీపు చోటును ఆక్రమించాక బాల్ జాయింట్ కూడా వాటితోపాటే అడవి అంచుకు వచ్చింది. అయితే ఒక తేడా ఉంది. తొలినాటి జాయింట్లకు చాలా వాటికి గ్రీజు నిపుల్ ఉండేది. తర్వాతివి సీలు వేసినవి. ఓనరు చేయాల్సిన పనేమీ లేదు అన్నది కంపెనీ మాట. ఆ మాట బూటు చిరగనంత వరకే నిజం. తారు రోడ్డు మీద తిరిగే పట్నం కారుకు అది ఇబ్బంది కాదు. కంకర మీద, చప్టాల మీద తిరిగే బండికి మాత్రం గ్రీజు పెట్టుకునే దారి మూసేసి, చెయ్యాల్సిన పనేమీ లేదన్న ధీమా ఒక్కటి మిగిల్చింది.

ఇక ఆ దారులు. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతానికి వెన్నెముక. దాని మీద సింగరేణి బొగ్గు, పాల్వంచ విద్యుత్ కేంద్రం సరుకు, సారపాక కాగితం మిల్లు కర్ర, గోదావరి ఇసుక అన్నీ లారీల మీదే కదులుతాయి. రహదారి దిగి గూడేల వైపు మళ్లితే కంకర తేలిన దారులు, ఎర్ర దుమ్ము, వర్షాకాలంలో చప్టాల మీద మోకాలి లోతు వాగు నీళ్లు. బాల్ జాయింట్‌కు ఇవి మూడు రకాల దెబ్బలు. కంకర రాయి, విరిగిన కొమ్మ బూటును చీరుస్తాయి. బొగ్గుపొడి, ఎర్ర దుమ్ము ఆ చిరుగులోంచి లోపలికి పోతాయి. వాగు నీళ్లు మిగిలిన గ్రీజును కడిగేస్తాయి. ఎండాకాలం మోదుగులు పూసే దారిలో చిరిగిన బూటు జూన్‌లో మొదటి వాగు దాటిన రోజు అసలు పని మొదలుపెడుతుంది. వరదల్లో మునిగిన బండ్ల సంగతి ఇంకా అన్యాయం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది, మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. అలా మునిగి తేలిన బండికి ఇంజిన్ ఆయిలు మారుస్తారు, సీట్లు ఎండబెడతారు, వైర్లు చూస్తారు. కీళ్ల జోలికి ఎవరూ పోరు, ఎందుకంటే అవి అప్పటికి చప్పుడు చేయవు. బురద నీళ్లు పట్టిన గ్రీజు పెరుగులా విరిగి, మరుసటి ఏడాది వేసవికి గానీ లెక్క అడగదు. అప్పటికి వరద సంగతి ఎవరికీ గుర్తుండదు.

పాత బండికి ఈ జబ్బు పట్టిందో లేదో తేల్చడం కూడా అనుకున్నంత తేలిక కాదు. మారుతీ లాంటి చిన్న కార్లలో బరువు స్ట్రట్ మీదుగా నేరుగా బాడీకి పోతుంది. కింది జాయింట్ చక్రాన్ని తిన్నగా పట్టుకుంటుందే తప్ప బండిని మోయదు. సుమో, క్వాలిస్ లాంటి వాటిలో పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్. స్ప్రింగు, లేదా ఆ పని చేసే టార్షన్ బార్, కింది ఆర్మ్‌ను తోస్తుంది. అక్కడ బండి బరువంతా కింది జాయింట్ మీదే. మొదటి రకాన్ని చాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తి ఊపితే ఆట తెలుస్తుంది. రెండో రకాన్ని కూడా అలాగే ఎత్తితే ఆ స్ప్రింగు బలం జాయింట్‌ను బిగించి పట్టుకుంటుంది, పూర్తిగా అరిగిన జాయింట్ కూడా కొత్తదానిలా బిర్రుగా ఉంటుంది. దానికి చక్రం దగ్గరగా కింది ఆర్మ్ కిందే జాకీ పెట్టాలి. అప్పుడు టైరు కింద గడ్డపార పెట్టి లేపితే, గుండు గిన్నెలో పైకీ కిందికీ జరగడం కళ్లకు కనపడుతుంది. జాకీ అరగజం అటు పెట్టామా ఇటు పెట్టామా అన్నదాన్ని బట్టి ‘ఏమీ లేదు, నడుపుకో’ అన్న తీర్పు, ‘ఇవాళే మార్చు’ అన్న తీర్పు తారుమారవుతాయి. ఈ సంగతి తెలిసిన మెకానిక్ దొరకడం కూడా ఖర్చు లెక్కలో భాగమే. ఆ తెలివికి మనం విడిగా డబ్బులిచ్చే అలవాటు లేదు. సామాను బిల్లు మీద నోరెత్తని ఓనరు కూలి దగ్గర మాత్రం గట్టిగా బేరమాడతాడు.

మార్చడం దగ్గరికి వస్తే కష్టమంతా కొత్తది ఎక్కించడంలో ఉండదు, పాతది దించడంలో ఉంటుంది. జాయింట్ కాడ కొన్ని బండ్లలో శంఖంలా సన్నబడుతూ నకిల్ రంధ్రంలో బిగుసుకుంటుంది. పైన నట్టు, నట్టు ఊడకుండా స్ప్లిట్ పిన్ను. ఏళ్ల తరబడి వాగు నీళ్లు తాగిన స్ప్లిట్ పిన్ను పట్టకారు పెట్టగానే సగానికి తెగుతుంది. మిగిలిన సగాన్ని సన్న పంచ్‌తో తొలచి తీయాలి. నట్టు ఊడినా కాడ కదలదు. తుప్పూ ఆ శంఖం బిగువూ కలిసి అతికించేస్తాయి. అప్పుడు అనుభవం ఉన్నవాడు కాడ నెత్తిన కొట్టడు, నకిల్ కన్ను పక్కన సుత్తితో రెండు మూడు అదును దెబ్బలు వేస్తాడు. కన్ను రవ్వంత సాగి కాడను వదిలేస్తుంది. తెలియనివాడు నెత్తిన బాది మరలు చెడగొడతాడు, లేదా గ్యాస్ మంట పెడతాడు. మంట తగిలితే నకిల్ ఉక్కు గుణం మారే ప్రమాదం ఉంది, పక్కనే బ్రేకు పైపు ఉంది. ఇంకొన్ని చిన్న కార్లలో కాడను నకిల్‌లో ఒక అడ్డ బోల్టు నొక్కి పట్టుకుంటుంది. అది కాడ మీది గాడిలో కూర్చుంటుంది కాబట్టి వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి రావాలి. తుప్పు పట్టిన ఆ బోల్టు లోపలే విరిగితే గంట పని పూట పని. డ్రిల్లు, కొత్త మరలు, లేదంటే వాడేసిన నకిల్ వెతుక్కోవడం. ఇన్ని చేస్తూ నకిల్‌ను పక్కకు లాగేటప్పుడు బ్రేకు హోసు మీద బరువు పడకూడదు, ముందు చక్రాలే లాగే బండి అయితే డ్రైవ్ షాఫ్టు లోపలి కీలు ఊడి రాకూడదు. బూటు కొత్తగా చిరిగిన బండికీ, మూడు వానాకాలాలు అలాగే తిరిగిన బండికీ ముక్క ధర ఒక్కటే. కూలి మాత్రం ఒక్కటి కాదు. వడ్డీ మొదట పడేది ఇక్కడ.

రెండోది ఆర్మ్ దగ్గర. జాయింట్‌ను ఆర్మ్‌కు కొన్ని బండ్లలో బోల్టులతో బిగిస్తారు, కొన్నిటిలో ప్రెస్సుతో దింపుతారు, కొన్నిటిలో ఆర్మ్‌తో కలిపే తయారు చేస్తారు. మూడో రకంలో కంపెనీ చిట్టా ప్రకారం జాయింట్ ఒక్కటి అమ్మరు, ఆర్మ్ మొత్తం మార్చాల్సిందే. ధర రెండు మూడు రెట్లు. బయటి తయారీదార్లు అలాంటి వాటికీ విడి జాయింట్లు తెస్తారు, షెడ్డులో పాతదాన్ని కొట్టి తీసి కొత్తది దింపుతారు. ఇది తప్పని నేను అనను. ఆర్మ్ వంకర లేకుండా, రంధ్రం సాగకుండా ఉంటే, సరైన ప్రెస్సు మీద దింపితే నడుస్తుంది. కానీ అరిగిన జాయింట్‌తో నెలల తరబడి తిప్పిన ఆర్మ్‌కు అవతలి చివర బుష్షులు కూడా దెబ్బతిని ఉంటాయి, రంధ్రం కోలగా మారి ఉంటుంది. అప్పుడు విడి జాయింట్ పొదుపు కాదు, ఇంకో ఆరు నెలలకు వాయిదా. ఇంకొక పద్ధతి ఉంది, దాన్ని మాత్రం గట్టిగా కాదనాలి. వదులైన గిన్నె అంచుకు వెల్డింగ్ చుక్కలు వేసి బిగించడం. వేడికి లోపలి నైలాన్ పొర కరిగిపోతుంది, గ్రీజు కాలిపోతుంది, ఉక్కు పెళుసు బారుతుంది. ఊపి చూస్తే ఆట ఉండదు, అదే దాని మోసం. అలాంటి జాయింట్ వదులుగా ఉన్నదాని కంటే ప్రమాదం, ఎందుకంటే వదులుది కనీసం చప్పుడైనా చేస్తుంది.

మూడోది దూరం. ఖమ్మం, కొత్తగూడెం పట్టణాల్లో స్పేర్ పార్ట్స్ దుకాణాలున్నాయి, అలైన్‌మెంట్ మిషన్లున్నాయి. చర్ల నుంచి భద్రాచలం రావాలంటేనే యాభై కిలోమీటర్లకు పైన. భద్రాచలానికి రైలే లేదు. భద్రాచలం రోడ్ అని పేరు పెట్టుకున్న స్టేషన్ నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో ఉంది. సామాను బస్సు పార్శిల్‌లోనో, తెలిసిన డ్రైవరు చేతనో రావాలి. పాత మోడల్ అయితే ఎడమ వైపుది పంపమంటే కుడి వైపుది రావడం, 2008 బండికి 2011 ముక్క రావడం మామూలే. తప్పు ముక్క వచ్చిన రోజు బండి జాకీ మీదే ఉంటుంది, షెడ్డులో చోటు ఆగిపోతుంది, కిరాయి పోతుంది. 2014లో రాష్ట్రాలు విడిపోయాక చింతూరు, కూనవరం, ఎటపాక వైపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఆఫీసులు మారాయి గానీ ఎటపాక బండికి దగ్గరి షెడ్డు ఇప్పటికీ భద్రాచలంలోదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహన విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు 28 శాతం పడిన ముక్కకు వెయ్యి రూపాయల మూల ధర మీద వంద మిగిలింది. మంచిదే. గూడెం నుంచి పట్నానికి ఒకసారి వచ్చి పోయే చార్జీలకే ఆ వంద సరి.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఊరిని బట్టి, మోడల్‌ను బట్టి ధరలు మారతాయి కాబట్టి ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు. చిన్న కారు, బూటు చిరిగిందని సకాలంలో చూశారు. రెండు వైపులా జాయింట్లు ఏడేసి వందల చొప్పున 1,400, కూలి 1,000, అలైన్‌మెంట్ 400. మొత్తం 2,800. అదే బండి ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆర్మ్‌లు రెండూ మార్చాలి, 4,000. తుప్పు వల్ల కూలి 1,200. అలైన్‌మెంట్ 400. ముందు టైర్లు రెండూ లోపలి అంచున తీగలు తేలాయి, అవి 5,500. కిరాయి బండి రెండు రోజులు ఆగింది, రోజుకు 1,500 చొప్పున 3,000. మొత్తం 14,100. అసలు మీద ఐదు రెట్లు. ఇందులో బాల్ జాయింట్ అనే వస్తువు వాటా ఎంతో చూడండి. కోతిపుండు బ్రహ్మరాక్షసి అవడం అంటే ఇదే. బీమా ఉంది కదా అంటారేమో, అరుగుదలకు మోటారు బీమా వర్తించదు. ఈ పద్నాలుగు వేలూ జేబులోంచే.

టైర్ల అంకె చూసి పెంచి రాశారనుకునేవారు ఒక చిన్న కొలత గమనించాలి. జాయింట్ వదులైతే, లేదా మార్చాక అలైన్‌మెంట్ చేయించకపోతే చక్రం పోయే దారికీ బండి పోయే దారికీ కాస్త తేడా వస్తుంది. చిన్న కారు టైరు ముందు అంచుకూ వెనక అంచుకూ మూడు మిల్లీమీటర్ల తేడా అనుకుందాం. కంటికి కనపడదు. టైరు వ్యాసం సుమారు 540 మిల్లీమీటర్లు. మూడును 540తో భాగిస్తే కిలోమీటరుకు ఐదున్నర మీటర్లు. అంటే ప్రతి కిలోమీటరుకూ ఆ టైరును ఐదున్నర మీటర్లు పక్కకు ఈడ్చినట్టు. భద్రాచలం నుంచి ఖమ్మం వంద కిలోమీటర్ల పైచిలుకు. ఒక్కసారి వెళ్లేసరికి టైరును అర కిలోమీటరుకు పైగా తారు మీద అడ్డంగా గీకినట్టు. నాలుగు వందల అలైన్‌మెంట్ దండగ అని షెడ్డు నుంచి నేరుగా ఇంటికి పోయే ఓనర్లు తమ ఐదున్నర వేల టైర్లను ఇలా తురుముకుంటూ పోతున్నారు.

ఇంత చెప్పినా ఒక ఆక్షేపణ తప్పదు, అది న్యాయమైనదే. తప్పు రోడ్డుది కదా, ఓనరును ఎందుకు నిలదీస్తారు? నిజం. బరువైన ఇరుసు రోడ్డుకు చేసే నష్టం బరువుతో సమంగా పెరగదు, ఇంచుమించు నాలుగో ఘాతంతో పెరుగుతుందని 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయ్‌లో లారీలు తిప్పి చేసిన రోడ్డు పరీక్ష నాటి నుంచి ఇంజినీర్ల లెక్క. మన దేశంలో 2018 జూలైలో నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మీద అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. చూడటానికి 13 శాతం. నాలుగో ఘాతంతో లెక్కిస్తే ఆ ఇరుసు రోడ్డును తినే తిండి అరవై శాతం పెరిగింది. అది కూడా చట్టం ప్రకారం నింపిన లారీకి. ఆ గుంత ఖరీదును టిప్పర్ ఓనరు కంటే దాని వెనక వచ్చే పాత మారుతీ ఓనరే ముందు చెల్లిస్తున్నాడు. మార్పులు రాలేదని కాదు. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి బొగ్గు కోసం వేసిన సుమారు 54 కిలోమీటర్ల రైలు మార్గాన్ని 2022 నవంబర్‌లో జాతికి అంకితం చేశారు. ఆ మేరకు బొగ్గుకు రోడ్డు అవసరం తగ్గుతుంది. తీవ్రవాద ప్రభావిత జిల్లాల కోసం 2009లో ఒకటి, 2016లో ఒకటి రహదారి పథకాలు వచ్చాయి, ఉమ్మడి ఖమ్మం జిల్లా వాటిలో ఉంది. కానీ రిజర్వు అడవిలో దారిని వెడల్పు చేయాలన్నా 1980 అటవీ పరిరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. ఆ ఫైలు తన వేగాన అది నడుస్తుంది. రోడ్డు మీద ఫిర్యాదు చేయడం పౌరుడిగా మన పని. ఆ ఫిర్యాదుకు జవాబు వచ్చేదాకా చిరిగిన బూటు ఆగదు. రోడ్డు చెడ్డదైన కొద్దీ ఆలస్యానికి వడ్డీ రేటు పెరుగుతుంది, కాబట్టి చెడ్డ రోడ్డు తొందరగా చూసుకోవడానికి కారణం అవుతుందే తప్ప, చూడకపోవడానికి సాకు కాదు.

ఇంకో వాదన పట్నం నుంచి వస్తుంది. పదిహేనేళ్ల డొక్కు బండి మీద ఇంత ఖర్చెందుకు, తుక్కుకు ఇచ్చి కొత్తది కొనుక్కోవచ్చు కదా? 2021 నాటి తుక్కు విధానం తర్వాత 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 600 నుంచి 5,000 రూపాయలు అయింది. సర్కారు ఏ వైపు తోస్తోందో స్పష్టమే. మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగింది, అంటే 2029 నాటికి ఆఖరి బండికి కూడా పదిహేనేళ్లు నిండుతాయి. క్వాలిస్ 2005లోనే ఆగింది. అయినా ఈ వాదన అడవి అంచున నిలవదు. కొత్త కారు నెలసరి కిస్తీ ఒక్కటి పాత బండి బాల్ జాయింట్లు, బుష్షులు, అలైన్‌మెంట్ అన్నీ కలిపిన ఏడాది ఖర్చుకు దాదాపు సరిపోతుంది. సకాలంలో చూసుకుంటేనే సుమా. పైగా కొత్త బండికి ఈ గుంతలు మినహాయింపు ఇవ్వవు. దానిదీ ఆ రబ్బరు బూటే, దాని ఆర్మ్ ఇంకా ఖరీదు. తుక్కుకు పంపాల్సిన బండ్లు లేవా అంటే ఉన్నాయి. చాసిస్ తినేసినవి, ఆర్మ్ బిగించే చోటే తుప్పు పట్టి రాలేవి. అక్కడ కొత్త జాయింట్ వేయడం చెదలు పట్టిన దూలానికి కొత్త మేకు కొట్టడమే. ఆ తేడా చెప్పగలిగింది బండి వయసు కాదు, జాకీ మీద ఎత్తి కింద చూసిన కన్ను.

ఒరిజినల్ వేయాలా, బయటిది వేయాలా అన్న గొడవ షెడ్డుల్లో ఎప్పటికీ తెగదు. పెద్ద కంపెనీ పేరు ఉంటే చాలు అనుకోవడం కూడా భ్రమే. 2005లో అమెరికాలో టయోటా ఏడు లక్షల పైచిలుకు పికప్‌లను, పెద్ద బండ్లను కింది బాల్ జాయింట్ల కోసం వెనక్కి పిలవాల్సి వచ్చింది. తయారీలో గుండు మీద పడ్డ గీతలు అందుకు కారణం. కంటికి ఆనని గీత కొన్నాళ్లకు గిన్నెనంతా వదులు చేస్తుంది. నున్నటి గుండు అన్నది ఎంత సున్నితమైన సంగతో దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే పేరూ, సీలూ లేని పొట్లంలో సగం ధరకు దొరికే జాయింట్‌ను నమ్మలేం. గుండు ఎంత నునుపో, పొర ఏమిటో పైకి కనపడదు. కనపడేది బూటు ఒక్కటే, ముందు దాన్నే నొక్కి చూడాలి. గట్టిగా, మైనంలా ఉన్న రబ్బరు అల్మరాలో ఏళ్లు ముసలిదైనది, మొదటి వేసవికే పగులుతుంది. పేరున్న బయటి కంపెనీది, వీలైతే గ్రీజు నిపుల్ ఉన్నది, ఈ దారులకు చాలాసార్లు ఒరిజినల్ కంటే పనికొస్తుంది అన్నది నా లెక్క.

ఫిట్‌నెస్ తనిఖీలు ఉన్నాయి కదా, ప్రమాదం అక్కడే పట్టుబడుతుందిలే అనుకునేవారికి ఒక మాట. కిరాయికి తిరిగే బండికి ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ కావాలి. సొంత కారుకు మొదటి పదిహేనేళ్లు ఏ తనిఖీ ఉండదు. ఏటా చూసే బండికైనా, ఫిట్‌నెస్ ఏప్రిల్‌లో అయితే బూటు మేలో చిరగొచ్చు. వాగులు జూన్‌లో వస్తాయి. జాయింట్ పూర్తిగా ఊడితే ఏమవుతుందో ఎవరికీ వివరించనక్కర్లేదు. చక్రం పక్కకు వాలి బండి ముక్కు నేల మీద కూలబడుతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా చక్రం చేతిలో ఉండదు. ఊరి మలుపులో నెమ్మదిగా తిప్పుతున్నప్పుడు ఊడితే క్రేను ఖర్చుతో పోతుంది. మారేడుమిల్లి ఘాట్ దిగుతున్నప్పుడు ఊడితే అది ఖర్చు లెక్క కాదు. శ్రీరామనవమికి భద్రాచలం దారి పట్టే బండ్లలో, సంత రోజున చర్ల దారిలో పదేసి మందిని ఎక్కించుకునే బండ్లలో కూర్చున్నవాళ్లు టికెట్టు డబ్బులు అడిగి ఎక్కుతారు, బూటు సంగతి అడిగి ఎక్కరు.

మరి చూసేదెవరు, ఎప్పుడు? వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి జాకీ ఎత్తించుకోమంటే అయ్యే పనే గానీ అందరూ చేయరు. అయితే ఈ దారుల్లో ఏ బండీ తప్పించుకోలేని మజిలీ ఒకటుంది, పంక్చరు దుకాణం. కంకర దారిలో తిరిగే బండి ఏడాదికి ఒకటి రెండుసార్లయినా అక్కడ ఆగుతుంది. ముందు చక్రం ఊడదీసి, ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వెతికే ఆ పావుగంట బాల్ జాయింట్ పూర్తిగా బయటపడి ఉంటుంది. డిస్కు వెనక, ఆర్మ్ చివర, అరచేతి దూరంలో. సెల్‌ఫోన్ లైటు వేసి గుడ్డతో ఒక తుడుపు తుడిస్తే బూటు ముడతలు లెక్కపెట్టొచ్చు. చుట్టూ నల్లటి గ్రీజు చిమ్మి, దాని మీద ఎర్ర దుమ్ము పేరుకుని ఉంటే చిరిగినట్టే. ఆ పావుగంటా ఓనరు ఎదురుగా టీ బడ్డీ దగ్గర నిలబడి ఉంటాడు.